ఆ ఐదు సైకిళ్ల గురించి

మన షాపులో సైకిల్ కొన్నవాళ్లకూ, అమ్మకానికి పెట్టినవాళ్లకూ, ఏమీ కొనకపోయినా ఆదివారం రైడ్ అయ్యాక ఆగి చైన్‌కు ఆయిల్ వేయించుకుని వెళ్లేవాళ్లకూ నమస్కారం.

పది రోజులుగా సెకండ్ హ్యాండ్ ఎంటీబీల (కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైకుల) వైపు షట్టర్ దించి ఉంది. ఎందుకు దించానో తలా ఒక మాట అనుకుంటున్నారని నా దాకా వచ్చింది. కాబట్టి నేనే చెప్తున్నాను. మీలో ఐదుగురికి నేను వరద నీళ్లలో మునిగిన సైకిళ్లు అమ్మాను. తెలిసి అమ్మలేదు. కానీ అమ్మింది నేనే, బిల్లు మీద ఉన్నది మా షాపు ముద్రే.

నవంబరులో పక్క రాష్ట్రంలోని ఒక వ్యాపారి దగ్గర ఐదు పాత హార్డ్‌టెయిల్ (వెనక షాకప్ లేని) సైకిళ్లు తీసుకున్నాను. అన్నీ ఒకే కంపెనీవి. 29 అంగుళాల చక్రాలు, ముందు షాకప్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. ఒక్కోటి 24,000 చొప్పున మొత్తం 1,20,000 ముందే కట్టాను. ఎక్కడో రిసార్టులో అద్దెకు తిప్పిన బళ్లు, ఆ రిసార్టు మూసేశారు కాబట్టి వస్తున్నాయి అన్నాడు. ఫొటోలు పంపాడు, వీడియో కాల్‌లో గేర్లు మార్చి చూపించాడు. మూడేళ్లుగా ఎరిగిన మనిషి, అంతకుముందు ఎప్పుడూ మాట తప్పలేదు. బళ్లు దిగాక మేం గేర్లు సరిచేశాం, చక్రాల బెండు తీశాం, బ్రేకులు చూశాం, ఏలూరు రోడ్డు మీద ఒక రౌండు వేసి వచ్చాం. బీబీ, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగుల భాగం, విప్పలేదు. షాకప్ విప్పలేదు. పాత సైకిల్ కొనేముందు ఆ రెండూ విప్పించి చూసుకోండని ఇన్నేళ్లుగా మీకు చెప్తున్న నేనే విప్పలేదు. పండగ ముందు కొనేవాళ్లు తొందరపెట్టారు, నేనూ తొందరపడ్డాను. అంతకుమించి నా దగ్గర జవాబు లేదు.

సంక్రాంతి వెళ్లిన వారం డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు వచ్చాడు. కొండపల్లి ఖిల్లా ఎక్కుతుంటే పెడల్ వేసిన ప్రతిసారీ కింద కరకరమంటోందన్నాడు. స్టాండు మీదకు ఎక్కించి పెడళ్లు బిగించే క్రాంకులు తీశాం. బీబీ కప్పు కదలలేదు. పానాకు పైపు తొడిగి ఇద్దరం పడితే ఊడింది. గ్రీజు ఉండాల్సిన చోట బూడిద రంగు ముద్ద ఉంది. వేళ్ల మధ్య నలిపి చూశాను. ఇసుక పలుకు ఒక్కటి లేదు, మెత్తటి ఒండ్రు. సీటు పోస్టు లాగేసి ఫ్రేమును తలకిందులు చేసి చేత్తో తట్టాను. ముందు ఎండిన మట్టి పెళ్లలు రాలాయి, తర్వాత ఒక గడ్డిపోచ, చివర్న కందిగింజంత నత్తగుల్ల గచ్చు మీద పడి దొర్లింది. మా మెకానిక్, నేను, ఆ కుర్రాడు ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

వానలో తొక్కితే ఏ సైకిల్లోకైనా కొన్ని నీళ్లు పోతాయి. అమరావతి వైపు రేగడి నేలలో తొక్కితే టైరుకూ ఫ్రేముకూ మధ్య బురద పట్టేసి చక్రమే తిరగదు. అదంతా పైపైన. నత్త సీటు గొట్టంలోకి చేరిందంటే ఆ బండి రోజుల తరబడి నీళ్లలో పడి ఉందన్నమాట.

మునిగిన సైకిల్ అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్‌లో మా గోడౌన్ మునిగింది. పదకొండు కొత్త సైకిళ్లు, అట్టపెట్టెలు కూడా విప్పనివి, నీళ్లలోనే ఉండిపోయాయి. కడిగి, పాలిష్ చేసి, డిస్కౌంట్ బోర్డు పెట్టి వదిలించుకోమన్నవాళ్లు చాలామంది. అల్యూమినియం ఫ్రేము తుప్పు పట్టదు కదా అన్నారు. ఫ్రేము పట్టదు, నిజమే. బేరింగులు తుప్పు పడతాయి. షాకప్ సీలు కింద ఆయిల్ పీల్చుకుని ఉండాల్సిన స్పాంజి రింగు ఒండ్రు పీల్చుకుంటుంది, ఆ తర్వాత గుంటలో పడి లేచిన ప్రతిసారీ షాకప్ పైగొట్టం మెరుపును గరుకు కాగితంలా అరగదీస్తుంది. వరద నీళ్లలో డీజిలు, మురికినూనె కలిసి ఉంటాయి. అది డిస్క్ ప్యాడ్లకు పట్టిందంటే ఎంత కడిగినా బ్రేకు సరిగ్గా పట్టదు. ఆ పదకొండింటినీ విడగొట్టించి తుక్కు కింద ఇచ్చేశాను. మునిగిన బండి మా గడప దాటదని అప్పటి నుంచి గట్టిగా చెప్పుకుంటూ వచ్చాను. అందుకే ఈ దెబ్బ నాకు డబ్బు కంటే ఎక్కువగా తగిలింది.

ఆ వ్యాపారికి ఫోన్ చేశాను. మొదట తెలియదన్నాడు. తర్వాత వాన నీళ్లయి ఉంటాయన్నాడు. చివరికి, “సెకండ్ హ్యాండ్ అంటే అంతే కదా అన్నా, ఆ మాత్రం ఓవర్‌హాలింగ్ మీరు చేసుకోవాలి” అన్నాడు. వచ్చే లోడులో ఇరవై వేలు తగ్గిస్తానన్నాడు. వచ్చే లోడు అనేది ఇక లేదని చెప్పాను. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. నోటీసు పంపించాను. ఆ డబ్బు వచ్చినా రాకపోయినా ఆ మనిషి సరుకు ఈ షాపులోకి రాదు, సగం ధరకు ఇచ్చినా రాదు.

ఇక నాకు నిద్ర పట్టకుండా చేసిన విషయం. బీబీ, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), చక్రాల మధ్య హబ్ బేరింగులు, చైను, ప్యాడ్లు మార్చి షాకప్ సర్వీసు చేస్తే ఒక్కో బండికి ఆరు వేలు. ఐదింటికీ ముప్పై వేలతో పోతుంది. వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేస్తే నేను అమ్మిన ధర ఒక్కోటి 29,500 లెక్కన 1,47,500. “ఫ్రీ సర్వీస్ క్యాంపు అని పిలుద్దాం, అన్నీ మార్చి ఇద్దాం, ఎవరికీ తెలియదు” అన్నాడు మా మెకానిక్. నా మంచి కోరే అన్నాడు. నాలుగు రోజులు అదే లెక్క వేసుకుంటూ ఉన్నాను. ఒక దశలో క్యాంపుకు తేదీ కూడా అనుకున్నాను, దాచను. నాలుగో రాత్రి మా ఆవిడ ఒకటే అడిగింది: “రేపు వాళ్లు దాన్ని ఇంకొకరికి అమ్మేటప్పుడు ఏమని చెప్పి అమ్ముతారు?”

మన రైడర్లలో ఒక మంచి ఎంటీబీ ఒకరి దగ్గరే ఉండిపోదు. సైజు చాలదనో, ఇంకా పెద్దది కొనాలనో, ఉద్యోగానికి బెంగళూరు వెళ్తున్నాననో అమ్ముతారు. మూడు నాలుగు చేతులు మారుతుంది, మా బిల్లు కూడా దాంతోనే మారుతుంది. పైగా ఆ షాకప్‌లకు హ్యాండిల్ కిందుగా ఫ్రేములోకి వెళ్లే గొట్టం స్టీలుది. లోపల ఎంత తుప్పు తిన్నదో బయట నుంచి కనపడదు. ఘాట్ దిగేటప్పుడు మనిషి బరువంతా దాని మీదే పడుతుంది. దానికి నేను పూచీ పడలేను.

ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. ముగ్గురు తెచ్చి ఇచ్చి పూర్తి డబ్బు తీసుకున్నారు. నాలుగో ఆయనకు బండి బాగా అలవాటైంది, ఇవ్వనన్నారు. ఆ ఫ్రేముకు హెడ్ ట్యూబు (షాకప్ గొట్టం దూరే ముందు భాగం) కింద వెడల్పుగా ఉండే టేపర్డ్ రకం కాబట్టి ఇప్పటి షాకప్‌లు దొరుకుతాయి. నిలువునా ఒకే వెడల్పు ఉండే పాత రకమైతే వెతుక్కోవాల్సి వచ్చేది. కొత్త షాకప్ నా ఖర్చుతో వేశాను, బేరింగులన్నీ మార్చాను. బిల్లు మీద మాత్రం “వరదలో మునిగిన సైకిల్” అని రాసి సంతకం పెట్టాను. రీసేల్ పడిపోతుందని ఆయనకు కోపం వచ్చింది. వచ్చినా సరే, ఆ మాట కొట్టేయను.

ఏ కంపెనీ బళ్లని అందరూ అడుగుతున్నారు. చెప్పను, ఎందుకంటే ఇందులో కంపెనీ తప్పు లేదు. ట్రెక్, జెయింట్, మెరిడా, స్కాట్, ఫైర్‌ఫాక్స్, మోంట్రా, ఏ పేరున్నా నీళ్లలో పెడితే బేరింగు బేరింగే. ఆ తొందరలో పేరు చూసి నమ్మేసి నేను పానా పట్టుకోలేదు.

బ్యారేజీ దగ్గర టీ తాగుతూ ఎవరో, కొత్తవి అంటగట్టడానికే ఈ కథ చెప్తున్నాడు అన్నారట. ఆ మాటకు చాలా బాధపడ్డాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తది తగ్గాక పాతదీ తగ్గాలని, పాత బిల్లు చూపించి ధర పట్టుకుని కూర్చోవద్దని అమ్మేవాళ్లతో వాదించి తగ్గించింది నేనే. కొత్తవే అమ్ముకోవాలనుకుంటే నాకు ఆ వాదన ఎందుకు?

ఉగాదికి ఆ షట్టర్ మళ్లీ తీస్తాను. వ్యాపారుల దగ్గర లోడు ఇక తీసుకోను. సొంతదారు బండితో పాటు రావాలి, బీబీ కింద చెక్కి ఉండే నంబరు ఒరిజినల్ బిల్లుతో కలవాలి. బీబీ, సీటు పోస్టు, షాకప్ కింది కాళ్లు (చక్రాన్ని పట్టి ఉండే కింది గొట్టాలు) కొనేవాళ్ల ఎదుటే విప్పుతాం, ఆ ఖర్చు నాది. షాకప్ విప్పితే పాడవుతుందని కొందరు అమ్మేవాళ్లు అడ్డం చెప్తారు. షాకప్‌లు తయారుచేసే రాక్‌షాక్స్ వాళ్లే తొక్కిన 50 గంటలకోసారి కింది కాళ్లు విప్పి సర్వీసు చేయమంటారు. విప్పనివ్వని బండి మన దగ్గర పెట్టను. ఇదివరకు పదిహేను బళ్లు ఉండే చోట నాలుగే ఉండొచ్చు. ఉండనివ్వండి.

ఐదో సైకిల్ ఇంకా దొరకలేదు. డిసెంబరు చివరి వారంలో గుంటూరు నుంచి వచ్చిన ఆయన నగదు ఇచ్చి తీసుకెళ్లారు. బిల్లు మీద రాసిన నంబరు కలవడం లేదు. బూడిద రంగు, మీడియం ఫ్రేము, కింది గొట్టానికి ఎడమ వైపు రాయి తగిలిన గీత ఉంటుంది. కొండవీడు ఘాట్ మీద తొక్కాలని ఉందని అప్పుడు నాతో అన్నారు. గుంటూరు రైడర్లలో ఎవరికైనా ఆయన తెలిస్తే, దయచేసి ముందు ఆ బండి మీద ఘాట్ దిగవద్దని చెప్పండి. ఇక్కడి దాకా తేనక్కర్లేదు. ఎక్కడుందో చెబితే నేనే డబ్బు తీసుకుని వస్తాను.