‘తదితరుల’లో అజిత్‌ను కలిపేశారు

సంపాదకులకు,

పాత దూరదర్శన్ డిటెక్టివ్ సీరియళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. డిటెక్టివ్ బ్యోమ్‌కేశ్ బక్షి గురించి, ఆ పాత్ర వేసిన రజిత్ కపూర్ గురించి, దర్శకుడు బాసూ చటర్జీ గురించి బాగానే రాశారు. ఫొటోలో పక్కనే ఉన్న రెండో మనిషిని మాత్రం ‘తదితరులు’ అన్నారు. ఆ తదితరుడి పేరు కె.కె. రైనా. ఆయన వేసింది బ్యోమ్‌కేశ్ స్నేహితుడు అజిత్ పాత్ర. బెంగాలీ రచయిత శరదిందు బంద్యోపాధ్యాయ్ రాసిన బ్యోమ్‌కేశ్ కథల్లో చాలావాటిని మనకు చెప్పేది ఈ అజితే. అతను చెప్పకపోతే బ్యోమ్‌కేశ్ తెలివి కలకత్తాలో నాలుగు వీధులు దాటేది కాదు.

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం స్టేషన్ రైటర్‌గానే గడిచింది. మా శాఖలో రైటర్ అంటే ఎఫ్ఐఆర్, జనరల్ డైరీ, వాంగ్మూలాలు, పంచనామా అన్నీ రాసే మనిషి. సినిమాల్లో స్టేషన్ సీను వస్తే ఎస్ఐ బల్ల మీద లాఠీతో కొడుతుంటాడు, వెనక మూలన ఒకడు తల వంచుకుని రాసుకుంటుంటాడు చూడండి, వాడే. కాబట్టి అజిత్ మీద నాకు కాస్త పక్షపాతం ఉందంటే ఉంది.

1993లో ఆ సీరియల్ మొదలైనప్పుడు నాకొచ్చిన హిందీ అంతంతమాత్రం. క్వార్టర్స్‌లో ఉర్దూ వచ్చిన సహోద్యోగి ఒకాయన పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవాడు గానీ, ఆయన చెప్పడం పూర్తయ్యేలోపు సీను మారిపోయేది. ఇక లాభం లేదని మాటలు వదిలేసి అజిత్ ముఖం చూడటం అలవాటు చేసుకున్నాను. సాక్షి ఏదో చెబుతుంటే అజిత్ కళ్లు ఒక్కసారి బ్యోమ్‌కేశ్ వైపు మళ్లితే, ఇక్కడేదో మెలిక ఉందని నాకు తెలిసిపోయేది. సగం కేసులు అలాగే అర్థం చేసుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ మళ్లీ వేసినప్పుడు మాటలు కూడా చాలావరకు తెలిశాయి. అయినా చూపు అటే పోయేది.

డిటెక్టివ్ పక్కన ఉండేవాణ్ణి కాస్త తెలివితక్కువవాడిగా చూపిస్తే హీరో పని సులువవుతుంది. చాలామంది చేసేది అదే. రైనా ఆ పని చేయలేదు. ఆయన వేసిన అజిత్ చదువుకున్నవాడు, రచయిత. తెలియనిది తెలియదని అడుగుతాడు, అంతే. అడగడం చిన్నతనం అనుకోడు.

సీరియల్‌లో మొదటి కథ ‘సత్యాన్వేషి’ గుర్తు తెచ్చుకోండి. అజిత్ ఉండే మెస్‌కు (భోజనంతో పాటు అద్దెకు గదులిచ్చే ఇల్లు) అతుల్ అనే కుర్రాడు గది కోసం వస్తాడు. ఖాళీ లేదంటారు. అప్పుడు అజితే తన గదిలో చోటిస్తాడు. తర్వాత అదే మెస్‌లో హత్య. (ఇంకా చూడనివాళ్లు ఉంటారు, హంతకుడెవరో రాయను.) ఆ అతులే బ్యోమ్‌కేశ్ అని చివరికి తెలుస్తుంది. దొంగపేరు పెట్టుకుని ఒకే గదిలో కాపురమున్నవాడి ముఖం మనలో ఎందరం మళ్లీ చూస్తాం? అజిత్ వెళ్లి అతని ఇంట్లోనే ఉండిపోయాడు. బ్యోమ్‌కేశ్ తనను డిటెక్టివ్ అంటే ఒప్పుకోడు, సత్యాన్వేషి అంటాడు. ఆ సత్యాన్ని ఓపిగ్గా కాగితం మీద పెట్టిన మనిషిని మాత్రం చివరి కథల్లో శరదిందు గారే కథ చెప్పే పని నుంచి తప్పించేశారు. నాకది నచ్చలేదు.

వినడం తేలికనుకుంటారు. రొయ్యల చెరువు దగ్గర మోటారు పోయిందని వచ్చిన ఫిర్యాది నేరుగా మోటారు సంగతి చెప్పడు. చెరువు కౌలు దగ్గర మొదలుపెట్టి, బావమరిదితో తగాదా, పెళ్లిలో పెట్టుపోతలు అన్నీ అయ్యాక మోటారు దగ్గరికి వస్తాడు. మధ్యలో ఆపితే అసలుది మింగేస్తాడు. అన్నీ విని, రాసింది తిరిగి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వేయించుకోవాలి. ఒక్కోసారి మోటారు ఎవరెత్తుకుపోయారో ఆ బావమరిది కథలోనే దొరికేది. కేసు తేలాక పేపర్లో ఎస్ఐ గారి ఫొటో వస్తుంది. రావాల్సిందే, తిరిగింది ఆయన. అయితే రైటర్ గురించి ఒక ముక్క రాసిన విలేకరిని నా సర్వీసులో చూడలేదు.

ఆ వ్యాసం ఎప్పుడైనా పుస్తకంగా వేస్తే ఆ ఫొటో కింద కె.కె. రైనా పేరు చేర్చమని మనవి. సుకన్యా కులకర్ణి వేసిన బ్యోమ్‌కేశ్ భార్య సత్యవతి గురించీ, టీ మోసే పనివాడు పుటిరామ్ గురించీ కూడా చెప్పాల్సింది ఉంది గానీ మీ లేఖల శీర్షికలో ఇంతకన్నా చోటివ్వరు.

– ఒక విశ్రాంత హెడ్ కానిస్టేబుల్,
కావలి, నెల్లూరు జిల్లా