ప్రూఫ్ మీద సంతకం పడ్డాకే శుభలేఖ మెషిన్ ఎక్కుతుంది

మా కస్టమర్లందరికీ నమస్కారం. శ్రావణ ముహూర్తాలకు ఆర్డర్లు ఆషాఢంలోనే మొదలవుతాయి కాబట్టి మార్చిన పద్ధతులు ముందే చెప్పేస్తున్నాం. పోయిన సీజన్‌లో కొన్ని ఆర్డర్లు ఆలస్యమయ్యాయి, కొన్ని రెండోసారి వేయాల్సి వచ్చింది. మెషిన్ వల్ల జరిగినవి తక్కువే. దాదాపు అన్నీ మ్యాటర్ దగ్గర తప్పినవి. అందులో మా వాటా కూడా ఉంది: ఫోన్‌లో చెప్పిన దిద్దుబాట్లు తీసుకోవడం మా పొరపాటే. ఇకనుంచి కాగితం మీద తీసిన ప్రూఫ్‌పై, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనాపై, మీ ఇంట్లోవాళ్లు సంతకం చేశాకే ప్రింటింగ్. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెడితే సంతకం కింద లెక్కేయం.

పేర్లు తెలుగులో పంపండి. ఇంగ్లిష్‌లో ఆర్, ఏ, ఎం, ఏ అని వస్తే అది రామానో రమానో మాకు తెలీదు. ద–ధ, న–ణ, ల–ళ తేడాలూ అంతే. తెల్లకాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టినా చాలు. మీ ఫోన్‌లో టైపయ్యేది యూనికోడ్ అక్షరాల్లో, మేం కంప్యూటర్‌లో పేజీ కూర్చేది (డీటీపీ) ‘అను’ అనే వేరే రకం ఫాంట్లలో. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతుంటాయి. జ్యోత్స్న, లక్ష్మి లాంటి పేర్లను ప్రూఫ్‌లో అక్షరం అక్షరం చూడండి. చదివేది కూడా కింది వరుస నుంచి పైకి చదవండి. పైనుంచి చదివితే కన్ను అలవాటు కొద్దీ తప్పును దాటేస్తుంది.

అన్నిటికంటే ఘోరమైన తప్పు ‘కీ.శే.’ దగ్గర జరుగుతుంది. వరుస చివర ‘కీ.శే.’ ఆగిపోయి పేరు కింది వరుసలోకి దిగితే, పక్కనున్న, నిక్షేపంగా బతికున్న మనిషికి అంటుకున్నట్టు కనిపిస్తుంది. ఆ రెండింటినీ విడదీయకుండా కంపోజ్ చేయడం మా పని. తాతలు, మేనమామల్లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది మీరే రాసివ్వాలి. పాత శుభలేఖ తెచ్చి ‘ఇలాగే వేసేయండి’ అంటే ఇకపై ఒప్పుకోం.

ఇక ముహూర్తం. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా సాగుతుంది. క్యాలెండర్ మాత్రం అర్ధరాత్రి 12కే తేదీ మార్చేస్తుంది. పంతులుగారు ‘శుక్రవారం రాత్రి 2.14’ అని రాసిస్తే అది క్యాలెండర్ ప్రకారం శనివారం. ఆ రాసిచ్చింది రాసిచ్చినట్టు ‘14వ తేదీ శుక్రవారం 2.14’ అని వేస్తే కొందరు ఒకరోజు ముందే, గురువారం రాత్రే బయల్దేరతారు. శనివారం అని దిద్దితే ఇంకొందరు శనివారం రాత్రి వస్తారు, అప్పటికి అప్పగింతలు కూడా అయిపోతాయి. అందుకే ‘14వ తేదీ శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం, 2.14 గంటలకు’ అని పూర్తిగా వేస్తున్నాం. కిందనే ‘విందు: శుక్రవారం రాత్రి 7 గంటల నుంచి’ అని పడితే ఎవరికీ అనుమానం రాదు. కార్డు లోపల పెట్టే ఇంగ్లిష్ కాగితం (ఇన్సర్ట్)లో రెండు తేదీలూ ఉండాలి.

వేదిక చిరునామాలో ‘ఫలానా గార్డెన్స్, హైదరాబాద్’ సరిపోదు. ఒకే పేరుతో శంషాబాద్ వైపొకటి, మేడ్చల్ వైపొకటి ఉండొచ్చు. అత్తాపూర్ దారిలో అయితే ఫ్లైఓవర్ పిల్లర్ నంబర్ వేయించండి, ఆ రోడ్డులో అందరూ వెతికేది దాన్నే. క్యూఆర్ కోడ్ కనీసం 2 సెంటీమీటర్లుండాలి, నల్ల ఇంకులో ఉండాలి. బంగారు ఫాయిల్‌లో (వేడితో అద్దే మెరుపు రేకు) వేస్తే వెలుతురు పడి మెరుస్తుంది, ఫోన్ చదవలేదు. ఉచిత సైట్లలో చేసిన కొన్ని కోడ్‌లు ట్రయల్ గడువు కాగానే ఆగిపోతాయి, పెళ్లి నాటికి తెరుచుకోవు. గూగుల్ మ్యాప్స్ లింకు నేరుగా పంపండి, కోడ్ మేమే చేస్తాం.

ఫాయిల్ గురించి ఒక మాట. గణపతి బొమ్మకీ, వధూవరుల పేర్లకీ బాగుంటుంది. మ్యాటరంతా ఫాయిల్‌లో కావాలంటే మేం వద్దనే అంటాం. చిన్న అక్షరాల్లో సున్నాలు పూడుకుపోతాయి, గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో తెలియదు. 12 పాయింట్ల సైజు కంటే చిన్న అక్షరం ఫాయిల్‌లో వేయం. ఫోన్ తెరమీద చూసిన కుంకుమ రంగు కాగితం మీద అలాగే రాదు. రంగు ఖాయం చేసేది షాపులోని శాంపిల్ చూశాకే.

ఎన్ని కావాలో మనుషుల్ని కాదు, గడపల్ని లెక్కపెట్టి చెప్పండి. దానిమీద పదో వంతు కలపండి, కవర్లు మరో 20 ఎక్కువ తీసుకోండి, పేర్లు రాసేటప్పుడు పాడవుతాయి. తర్వాత ‘ఇంకో 50’ అంటే స్క్రీన్ (ఇంకు దింపే వల చట్రం) మళ్లీ బిగించాలి, ఇంకు మళ్లీ కలపాలి. కార్డుకు రెట్టింపు దాకా పడుతుంది, షేడ్ కూడా కలవకపోవచ్చు. పోస్టులో పంపేవాళ్లు బరువు చూసుకోండి. 8 అంగుళాల చదరపు కార్డు 300 జీఎస్ఎంలో (చదరపు మీటరుకు 300 గ్రాముల కాగితం) ఒక్కో రేకు సుమారు 12 గ్రాములు. రెండు రేకులు, కవరు కలిస్తే 35 గ్రాములు దాటుతుంది. ఉత్తరానికి స్టాంపు 20 గ్రాముల లెక్కన పెరుగుతుంది.

ఆల్బమ్‌లోని రెడీ కార్డుకు ప్రూఫ్ ఓకే అయ్యాక 5 రోజులు, ఫాయిల్ అద్దే అచ్చు (బ్లాక్) చేయించే కార్డుకు 12 రోజులు. ఉర్దూ ఇన్సర్ట్ హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో కంపోజ్ చేయించి తెస్తాం, దానికి మరో 2 రోజులు. స్టాక్ ఉందని మేం చెప్పాకే అడ్వాన్స్ తీసుకుంటాం. సంతకం తర్వాత దొరికిన తప్పు మీరు రాసిచ్చినదాంట్లోదైతే రీప్రింట్‌కు కాగితం ఖర్చు మాత్రం మీది. మేం టైపు చేయడంలో తప్పితే మొత్తం మాదే.

వానాకాలంలో స్క్రీన్ ఇంకు ఆరడానికి ఒక పూట అదనంగా పడుతుంది. తొందరపెట్టి కట్టలు కట్టిస్తే ఒక కార్డు అక్షరాలు ఇంకోదాని వీపుకు అంటుకుంటాయి. మూలలకు పెట్టే పసుపు కూడా లామినేషన్ కార్డు మీద త్వరగా ఆరదు, తడిగా కవర్లో పెట్టకండి.