ఛార్జింగ్ ఆగిపోతున్న ఇంజన్ల సంగతి

వేట నిషేధ సమయంలో మన షెడ్డులో ఇంజను సర్వీసు చేయించుకున్న బోటు యజమానులందరికీ నమస్కారం. హార్బరులో రకరకాల మాటలు తిరుగుతున్నాయి. అసలు ఏం జరిగిందో నా నోట వినడం మీ హక్కు.

జూన్ 14తో నిషేధం ముగిసి బోట్లు సముద్రంలోకి వెళ్లాక, మేము ఒక వ్యాపారి దగ్గర కొన్న సరుకులోంచి రెక్టిఫయర్ (ఇంజనులో పుట్టిన కరెంటును బ్యాటరీకి పంపే భాగం) మార్చిన అవుట్‌బోర్డ్ ఇంజన్లలో, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజన్లలో, ఒక్కొక్కటిగా బ్యాటరీ ఛార్జింగ్ ఆగిపోయింది. ఇంకొకటి బిగించి పంపితే కొద్ది రోజులకే మళ్లీ అదే గొడవ. పెదజాలరిపేట బోటు ఒకటి రాత్రి వేటలో ఉండగా బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. జీపీఎస్ ఆరిపోయింది, సెల్ఫ్ తిరగలేదు. తాడు లాగి ఇంజను స్టార్ట్ చేసి, విశాఖలోని డాల్ఫిన్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ వెలుగును పట్టుకుని ఒడ్డుకు చేరారు. మరునాడు వచ్చిన సరంగు, అంటే ఆ బోటు నడిపేవాడు, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఈ ఇంజన్లలో కరెంటు ఫ్లైవీల్ అనే బరువైన చక్రం కింద పుడుతుంది. దానిలోని అయస్కాంతాలు తిరుగుతుంటే కదలకుండా ఉండే స్టేటర్ కాయిళ్లలో ఏసీ కరెంటు వస్తుంది. రెక్టిఫయర్ దాన్ని డీసీగా మార్చి, వోల్టేజి హద్దు దాటకుండా చూస్తూ బ్యాటరీకి పంపుతుంది. ఛార్జింగ్ లేదంటే ఎవరైనా ముందు బ్యాటరీని అనుమానిస్తారు, ఆ తరువాత వైరింగ్ చేసినవాడిని. మేమూ అక్కడి నుంచే మొదలుపెట్టాం. టెర్మినళ్ల మీది చిలుము గీకాం. ఎర్త్ వైరు బిగించే చోట లోహం మెరిసేదాకా రుద్దాం. ఫ్యూజులు చూశాం. స్టేటర్ మూడు వైర్లలోనూ వోల్టేజి సమానంగానే ఉంది, ఏదీ బాడీకి తగలడం లేదు.

అప్పుడు పాత ఇంజను నుంచి తీసిన, ఇంజను కంపెనీ వాళ్లదే అయిన రెక్టిఫయర్‌ను అదే బోటుకు, అవే వైర్లకు, అదే బ్యాటరీకి బిగించాం. బోటును హార్బరు నీళ్లలోనే కట్టి, నిమిషానికి 3,000 చుట్ల దగ్గర నడిపితే మీటరు 14.2 వోల్టుల మీద కదలకుండా నిలబడింది. దాన్ని తీసి కొత్త సరుకులోది పెట్టాం. మొదట అదీ 14 చూపించింది. బాడీ చేయి పెట్టలేనంత వేడెక్కాక 13కి దిగింది, తరువాత 12.4కు. అంటే బ్యాటరీలోకి ఏమీ రావడం లేదు, ఉన్నది ఖర్చవుతోంది. చల్లారనిస్తే మళ్లీ 14! షెడ్డులో కాసేపు నడిపి చూసినప్పుడు బాగున్న ఇంజను, గంటల తరబడి సముద్రంలో నడిచాక మొరాయించడానికి కారణం ఇదే.

ఒకదాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా కోయించాను. లోపల పోసిన నల్లటి రెసిన్ నిండా బుడగలు. ఏసీని డీసీగా మార్చే డయోడ్లు కూర్చునే పలక అల్యూమినియం బాడీకి అతుక్కుని ఉండాలి, వేడి బయటికి పోవడానికి అదొక్కటే దారి. ఇక్కడ ఆ రెండింటి మధ్య నా గోరు దూరేంత సందు ఉంది.

ఫోటోలు తీసి సరుకు పంపిన వ్యాపారికి పంపించాను. ఏళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఏనాడూ బాకీ పెట్టలేదు. "ఎలక్ట్రికల్ సామానుకు గ్యారంటీ ఉండదు. మీ వైరింగ్‌లోకి ఉప్పునీళ్లు పోయి ఉంటాయి, చూసుకోండి" అన్నారు. ఉప్పునీళ్ల గురించి నాకు! మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్లినవారు. నేను బిగించే ప్రతి జాయింటుకూ తగరం పూసిన రాగి వైరు, దాని మీద గ్రీజు, ఆ పైన స్లీవు ఉంటాయి. కోసిన ముక్కను కొరియర్‌లో పంపాను, అందిందని కూడా చెప్పలేదు. డబ్బు పోయినందుకు కాదు, నా చేతిపనిని అంత మాట అన్నందుకు ఇప్పటికీ మనసు మండుతోంది.

తేల్చుకోలేక నలిగిపోయింది మాత్రం ఇంకో విషయంలో. కంపెనీ రెక్టిఫయర్లు ఆర్డరు ఇస్తే వెంటనే రావు, ధర కూడా చాలా ఎక్కువ. షెడ్డు ముందు బోట్లు ఆగి ఉన్నాయి. రెండు నెలల నిషేధం తరువాత ఒక్క రోజు వేట పోయినా ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. "ఉన్నదే బిగించు బాబూ, ఈ సీజను గడవనీ" అని పెద్దవాళ్లే అడిగారు. ఆ వ్యాపారి సరుకులో మిగిలిన రెక్టిఫయర్ల పెట్టెను బల్ల మీదికి తెచ్చి కూడా మళ్లీ లోపల పెట్టేశాను. ఛార్జింగ్ ఆగడం ఒక్కటే అయితే ఏమో, బిగించేవాడినేమో. కానీ వోల్టేజిని పట్టి ఉంచే భాగం పాడైతే అది 15 దాటిపోతుంది. బ్యాటరీలో యాసిడ్ ఉడుకుతుంది, జీపీఎస్, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ కాలిపోతాయి. చెడిపోతుందని తెలిసి నా చేతులతో బిగించలేను. ఇది విని కొందరు వేరే షెడ్డుకు వెళ్లారు. వెళ్లనివ్వండి. నా మాట మారదు. ఆ పెట్టెను వెనక్కి పంపేశాను.

ఆ సరుకు బిగించుకున్న ప్రతి ఇంజనుకూ కంపెనీ రెక్టిఫయర్ వేస్తాం. కూలి తీసుకోం, పాతదానికి మీరిచ్చిన డబ్బు కొత్తదాని ధరలో తగ్గిస్తాం. ఎవరు ముందు వచ్చారో ఆ వరుసలోనే పని జరుగుతుంది, సిఫారసులు వద్దు. కొత్తది వచ్చేలోగా వేటకు వెళ్లాలనుకుంటే, ఇగ్నిషన్‌కు (ఇంజనులో నిప్పురవ్వకు) కరెంటు ఇచ్చే కాయిల్ వేరుగా ఉన్న ఇంజన్లకు రెక్టిఫయర్ తీసేసి, స్టేటర్ వైర్లకు విడివిడిగా ఇన్సులేషన్ చుట్టి ఇస్తాం. ఇంజను మామూలుగానే నడుస్తుంది. బ్యాటరీలు సాయంత్రం షెడ్డులో పెట్టి వెళ్లండి, రాత్రంతా ఉచితంగా ఛార్జింగ్ పెడతాం. జీపీఎస్‌కూ లైట్లకూ సరిపోవాలంటే రెండు బ్యాటరీలు తీసుకెళ్లండి, దూరపు వేటకు మాత్రం కొత్తది పడేదాకా ఆగండి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి ఛార్జింగ్ పరీక్షించే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే మంచి రెక్టిఫయర్ కూడా ఆ క్షణంలోనే పోవచ్చు. మీటరు లేకపోతే షెడ్డుకు రండి, మేమే చూస్తాం. మీ దగ్గర పాడైన ముక్కలు ఉంటే పారేయకుండా వెంట తెండి, ఆ వ్యాపారి ముందు పెట్టడానికి అవన్నీ నాకు కావాలి.