ఆ ముగ్గురి సంగతి మళ్ళీ

ప్రియమైన మూర్తీ,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించరా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, ఇంటికి రంగులు వేయించాం, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. ఇంటి సంగతులు ఇంతే. అసలు సంగతి వేరే ఉంది!

నిన్న రాత్రి మన కౌబాయ్ సినిమా ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’ మళ్ళీ చూశాను. శ్మశానంలో ఎవరి తుపాకీ ముందు పేలుతుందో మనకు కంఠతా వచ్చు కదా, అయినా నా పిడికిళ్లు బిగుసుకుపోయాయి! రాళ్లు పరిచిన ఆ గుండ్రటి బయలులో ముగ్గురూ మెల్లగా ఎడంగా జరుగుతారు. మొదట దూరం నుంచి మనుషులు, తర్వాత నడుము దగ్గర చేతులు, ఆ తర్వాత అన్నీ కళ్లే. ‘బ్యాడ్’ వేసిన లీ వాన్ క్లీఫ్ కుడిచేతి వేలొకదానికి కొస లేదు, ఎప్పుడైనా గమనించావా? మోరికోనే సంగీతం పైపైకి వెళుతుంటుంది, ఒక్కడూ కాల్చడు. ఇద్దరే అయితే గురి ఎటో తెలుసు. ముగ్గురు కాబట్టి ఒకడి వైపు తిరిగితే మరొకడికి దొరికిపోయినట్టే.

అయితే టూకో, అదే మన ‘అగ్లీ’, తుపాకీలో గుళ్లను బ్లాండీ, అంటే ‘గుడ్’ క్లింట్ ఈస్ట్‌వుడ్, ముందురోజు రాత్రే తీసేశాడు. అది తెలిసి చూస్తే సన్నివేశమే మారిపోతుంది రా! బ్లాండీకి ప్రమాదం ఒక్కడి నుంచే. చిన్నప్పుడు మనం ధైర్యమనుకున్న ఆ నింపాదిలో ఎంత లెక్క ఉందో చూడు. పాపం టూకో చెమటంతా వృథా. సెర్జియో లియోన్ మొదటిసారి చూసేవాడికి ఒక కథ, మళ్ళీ చూసేవాడికి ఇంకో కథ తీశాడు. (వార్డెన్ గది ముందు నీ ఖాళీ తుపాకీ గుర్తుందా? ఇక రాయను.)

చనిపోతున్న కుర్ర సిపాయికి బ్లాండీ తన కోటు కప్పి, చుట్ట నోటికి అందించే చోట మాత్రం గొంతు పట్టేసింది. అంత యుద్ధం చూపించి, చివరికి ఆ ఒక్క కుర్రాడి దగ్గర... సరే, కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

ఆ శ్మశానం స్పెయిన్‌లో బుర్గోస్ దగ్గర ఉంది. 1966లో ఆ దేశపు సైనికులే సినిమా కోసం వేల సమాధులు కట్టారు. తర్వాత గడ్డి కప్పేసింది. 2015 నుంచి అభిమానులు పారలు పట్టుకెళ్లి ఆ రాళ్లను తవ్వి బయటపెట్టారు! మన కృష్ణ 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం గుర్రమెక్కింది కూడా ఇలాంటి సినిమాల గాలి సోకే కదా.

అయ్యో, సినిమాలో పేల్చే ఆ వంతెన సంగతి రాయనేలేదు! కెమెరాలు తిరగకముందే పేల్చేశారు, సైన్యమే మళ్ళీ కట్టి ఇచ్చింది, అప్పుడు... అన్నయ్య పోస్టాఫీసుకు బయలుదేరాడు, గుమ్మంలో నిలబడి కేకలేస్తున్నాడు. ఉంటాను.

నీ
శేఖర్