వీసా ఫారాలు ఇక వాట్సాప్‌లో తీసుకోం, కారణం ఇదీ

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి మా షాపుకి వచ్చే అందరికీ ఒక మాట. సోమవారం నుంచి వీసా ఫారం నింపాలంటే ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకుని మీరే రావాలి. ఆధార్ ఫోటో వాట్సాప్‌లో పడేసి "అన్నా, ఫారం కొట్టేయ్, సాయంత్రం వచ్చి తీసుకుంటా" అంటే ఇక కుదరదు. పోయిన నెల మా దగ్గర ఒక తప్పు జరిగింది. తప్పు మాదే, దాచడానికేం లేదు.

డాలస్‌లో ఉన్న కూతురి కాన్పుకి వెళ్లాల్సిన ఒకావిడ. పాస్‌పోర్టులో ఆవిడ పేరులోని లక్ష్మికి ఎక్స్ ఉంది, ఆధార్‌లో కె-ఎస్-హెచ్ ఉంది. మా కుర్రాడు ఆధార్ చూసి టైప్ చేశాడు. సబ్మిట్ చేసే ముందు నేను చెక్ చేశాను, కానీ నేనూ ఆ ఆధారే ముందు పెట్టుకుని చెక్ చేశాను! లక్ష్మి లక్ష్మిలాగే కనిపించింది. వీసా ఇంటర్వ్యూకి హైదరాబాద్ వెళ్లే ముందు రోజు రాత్రి వీడియో కాల్‌లో అల్లుడు పట్టుకున్నాడు. డీఎస్-160, అంటే అమెరికా వీసా ఆన్‌లైన్ ఫారం, ఒకసారి సబ్మిట్ అయితే దిద్దడానికి ఉండదు, కొత్తది నింపాలి, దానికి కొత్త నంబర్ వస్తుంది, అపాయింట్‌మెంట్‌లో ఉన్న నంబరూ చేతిలో ఉన్న ఫారం నంబరూ ఒకటే అయి ఉండాలి. ఆ మార్పు టైముకి జరగలేదు, ఆ డేట్ పోయింది. మళ్లీ దొరికిన డేట్ నాటికి మనవరాలు పుట్టి మూడు వారాలైంది. మా ఫీజు వాపస్ ఇవ్వబోతే "నీ పైసలు నాకెందుకు బిడ్డా" అని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పటి నుంచి పాత ఫైళ్లన్నీ తీసి చూస్తున్నాను. మన పేర్లతో చిక్కేంటంటే, తెలుగులో ఒకే రాత, ఇంగ్లిష్‌లో మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లది. స్వాతికి హెచ్ ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. శ్రీనివాస్‌ని ఎస్‌తో మొదలుపెట్టేవాళ్లు కొందరు, ఎస్-హెచ్‌తో కొందరు. చౌదరి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. టెన్త్ మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో మూడోది. ఇంట్లో ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే పిలిచేటప్పుడు అన్నీ ఒకటే.

వీసాకి మాత్రం పాస్‌పోర్టులో ఉన్నదే పేరు. అక్కడ తప్పుంటే ఆ తప్పే అక్షరం పొల్లుపోకుండా దించాలి. ఇది రాస్తున్న నేనే ఒకసారి ఒక పెద్దాయన పాస్‌పోర్టులో వెంకటేశ్వర్లుకి ఒక ఎల్ పోయిందని ఫారంలో 'సరిచేశాను'. ఆయన ప్రింట్ చూసి ఆపకపోతే అలాగే సబ్మిట్ అయ్యేది. పాస్‌పోర్టే తప్పనిపిస్తే ముందు దాన్ని రీఇష్యూకి పెట్టుకోవాలి, మామూలు 36 పేజీల బుక్కుకి ఫీజు 1500, ఆ తర్వాతే వీసా సంగతి.

ఇకపై మేం చూసేది ఫోటో పేజీ కింద ఉన్న రెండు లైన్లు. ఒక్కో లైనులో 44 స్థానాలుంటాయి. పై లైనులో మొదట్లో ఉండే దేశం కోడ్ తర్వాత ఇంటిపేరు, తర్వాత బాణం మొనల్లాంటి గుర్తులు రెండు, ఆ తర్వాత పేరు. పేరులో రెండు మాటలుంటే వాటి మధ్య ఒకే గుర్తు. సాయికృష్ణ కలిపి ఉందా, సాయి వేరు కృష్ణ వేరా అనేది అక్కడ చూస్తే తేలిపోతుంది. ఇన్నేళ్లు ఆ లైన్లని డిజైన్ అనుకున్నవాళ్లు మా కస్టమర్లలో సగం మంది ఉంటారు.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే పడ్డ పాస్‌పోర్టులు మన దగ్గర చాలా ఉన్నాయి. అమెరికా ఫారంలో అప్పుడు ఆ పేరంతా ఇంటిపేరు గడిలో రాసి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలీదు) అని పెట్టాలి. వీసా మీద కూడా అలాగే వస్తుంది, అక్కడికెళ్లాక పిల్లలు తమ పేరు ఎఫ్‌ఎన్‌యూ కాదని ఒక్కో ఆఫీసులో చెప్పుకోవాలి. టైముంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీయించుకుని అప్లై చేయమనే చెప్తాను, మాకు గిరాకీ నెల ఆలస్యమైనా సరే. దుబాయ్ వెళ్లేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఒకే ఒక్క పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వస్తే లోపలికి రానివ్వబోమని 2022 నవంబర్‌లో యూఏఈ ఎయిర్‌లైన్స్‌కి చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పర్లేదని తర్వాత వివరణ వచ్చింది గానీ, ఆ వారం మా షాపులో ఫోన్ మోగడం ఆగలేదు.

ఇంకోటి, సేవ్ చేసిన డీఎస్-160 మళ్లీ తెరవాలంటే ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు అడుగుతుంది. అక్కడ కరెక్ట్ స్పెల్లింగ్ కొట్టినా తెరుచుకోకపోతే, ఫారంలో తప్పు కొట్టామేమో అని అనుమానపడాలి. మాకు రెండు తప్పులు అలాగే దొరికాయి. పేరు సొంత లిపిలో రాసే గడి కూడా ఒకటుంది, చాలామంది వదిలేస్తారు, నాకు మాత్రం తెలుగులో కొట్టడం ఇష్టం. అక్కడ ఎక్సూ లేదు, కె-ఎస్-హెచ్చూ లేదు.

ఇక కొత్త పద్ధతి. మీరు పాస్‌పోర్టు చూసి ఒక్కో అక్షరం పైకి చదవాలి, మేం స్క్రీన్ మీద చూసుకుంటాం. ప్రింట్ మీద మీ సంతకం పడితేనే సబ్మిట్. అరగంట పని గంటన్నర అవుతుంది, అందుకని సర్వీస్ చార్జీ 600 నుంచి 800 చేశాం. ఎక్కువే అనిపిస్తే మీరే ఇంట్లో నింపుకోండి, ఫారం ఆన్‌లైన్‌లో ఉచితమే, డౌటొస్తే ఫోన్ చేయండి, దానికి డబ్బులు తీసుకోను. ఇప్పటికే మా దగ్గర సబ్మిట్ అయి, ఇంకా ఇంటర్వ్యూకి వెళ్లని వాళ్లు కన్‌ఫర్మేషన్ పేజీ, పాస్‌పోర్టు తీసుకుని ఈ వారంలోనే ఒకసారి రండి. మా తప్పు తేలితే కొత్త ఫారం ఫ్రీ.

ఆదివారం మధ్యాహ్నం దాకానే షాపు. పెద్దవాళ్లు కళ్లద్దాలు మర్చిపోకండి, చదవాల్సింది మీరే.