సంఘమంతా ఒకే ఇల్లు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

రోమా పత్రిక 16:13లో రూఫు అనే విశ్వాసి తల్లికి వందనాలు చెబుతూ, ఆమె తనకూ తల్లేనని పౌలు రాశాడు. ఆమె ఏం చేసిందో అక్కడ లేదు. ఏదో పూట అన్నం పెట్టి ఉంటుంది, జ్వరమొస్తే చూసుకుని ఉంటుంది అనుకుంటాను. మనమూ బ్రదర్, సిస్టర్ అని పిలుచుకుంటాం. కానీ ఆరాధన అయ్యాక, వెనక చాప మీద ఒంటరిగా కూర్చున్న పెద్దమ్మను పలకరించకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోతున్నాం. నాకది చాలా బాధగా ఉంది. మంచి బట్టలవాళ్లకు మంచి చోటు, పేదవాళ్లకు నేల అనే తేడా తప్పు అని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో గట్టిగానే చెప్పాడు.

ఇంకో మాట. ప్రార్థన కోసం ఒకరు చెప్పుకున్న ఇంటి కష్టాన్ని దయచేసి వేరే గ్రూపులకు ఫార్వర్డ్ చేయకండి. ఎవరి మీదైనా మనస్తాపం ఉంటే ఈ గ్రూపులో పెట్టకుండా, ముందు వాళ్లతోనే ఏకాంతంగా మాట్లాడండి. మత్తయి 18:15లో ప్రభువు చెప్పింది అదే.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఓ పావుగంట ఆగుదాం. మందిరానికి రాలేకపోతున్న పెద్దవాళ్ల ఇళ్లకు ఎవరెవరు వెళ్లాలో అనుకుందాం. బండి ఉన్న యూత్ బ్రదర్స్ ముందే చెప్పండి.