పిల్లల గోడపత్రికలు: సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

తరగతిలో నోరు మెదపని పిల్లల చేత మాట్లాడించాలని మన సంఘం చేపట్టిన గోడపత్రికల పని ఈ ఏడాది విజయనగరం పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాగింది. పద్ధతి సభ్యులకు తెలిసిందే. పిల్లలు వారమంతా రాసినవి శుక్రవారం నాడు వరండాలోని చార్టు మీదికి ఎక్కుతాయి. చదివిన తోటి పిల్లలు ఒక ప్రశ్నో, అభిప్రాయమో చీటీ మీద రాసి, పేరు పెట్టి, దాని కింద అంటిస్తారు. సోమవారం తెలుగు పీరియడు ఆ చీటీలతోనే మొదలవుతుంది. అడిగింది తన రాత గురించే కనుక ఎంత బిడియస్తులైనా జవాబు చెప్పడానికి లేస్తారు.

ఒక పల్లె బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి హాజరు పలకడం తప్ప తరగతిలో మరో మాట మాట్లాడి ఎరగదని తెలుగు మాస్టారు చెప్పేవారు. కోతల రోజుల్లో ఆ అమ్మాయి, "వానకి మా కళ్లం తడిసిపోనాది. మా అయ్య రాత్రల్లా బరకం పట్టుకుని నిలబడ్డాడు" అని రాసింది. "తడిసిపోయింది" అని దిద్దుదామని మనవాళ్లలో ఒకరు అన్నారు గానీ, మాస్టారూ నేనూ ఒప్పుకోలేదు. తడిసిన ధాన్యం ఏం చేశారని ఒక కుర్రవాడు చీటీ పెట్టాడు. సోమవారం ఆ అమ్మాయి లేచి, రోడ్డు మీద ఆరబోసిన సంగతి, గింజ రంగు మారిందని కొనేవాడు ధర తగ్గించిన సంగతి, నల్లబల్ల వైపే చూస్తూ, మొత్తం చెప్పింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు, అన్ని బడుల చార్టులనూ ఒకచోట చేర్చి జరిపిన సభ ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం. గిడుగు వారు విజయనగరంలోనే గురజాడ వారితో కలిసి చదువుకున్నారు. సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు వాళ్ల భాష తాను నేర్చుకుని, ఆ భాషలో పాఠపుస్తకాలు రాశారు. ఆయన పేరు మీద జరిగిన సభలో పిల్లలు ఇంటి మాటల్లో రాసినవి మైకు ముందు చదువుతుంటే, చదువు రాని తల్లులు ముందు వరుసలో కూర్చుని విన్నారు. చోటిచ్చిన ప్రధానోపాధ్యాయులకు, తరగతి పని మానకుండా సాయంత్రాలు మనకిచ్చిన ఉపాధ్యాయులకు, చార్టులు, స్కెచ్‌పెన్నులు, బంక ఉచితంగా ఇచ్చిన దుకాణదారులకు, భోజనాలు వండి పెట్టిన మహిళా సభ్యులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

అనుమతి కోసం పెట్టిన దరఖాస్తు ఒక కార్యాలయంలో నెలల తరబడి కదలలేదు. బోధన సమయం వృథా అవుతుందన్నది అక్కడ విన్న అభ్యంతరం. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పేందుకు తోడ్పడాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉందని రాసిచ్చాక గానీ ఫైలు ముందుకు సాగలేదు.

అంతకన్నా బాధ కలిగించింది మనవాళ్ల గైర్హాజరు. గత సమావేశంలో శుక్రవారాలు వస్తామని చేతులెత్తిన వారిలో ఎక్కువమంది దసరా దాటాక కనిపించలేదు. మనం రాకపోతే చార్టు మారదు, చీటీలు పడవు, రాసిన పిల్ల తన రాత ఎవరూ చదవలేదనుకుంటుంది. ఒక బడిలో, దసరా వెళ్లగానే విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గురించి పిల్లలు రాసిన చార్టు సంక్రాంతి దాకా అలాగే, అంచులు చుట్టుకుపోయి, వేలాడింది. దానికి కార్యదర్శిగా నేనే బాధ్యుణ్ని.

జమాఖర్చుల పట్టిక సభ్యులకు విడిగా పంచాం. ఆడిట్ పూర్తయింది, బాకీలు లేవు.

వచ్చే ఏడాదికి బడికి ఇద్దరు చొప్పున, నెలకు రెండు శుక్రవారాలు తప్పకుండా వచ్చేవారు కావాలి. పేర్లు ఈ రోజే సభ ముగిసేలోగా రిజిస్టరులో రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి